మూడు నీళ్ళు కడగని మాంసం

ఢిల్లీ వెళ్ళి ఎర్రకోట చూడకుండా తిరిగొచ్చిన మనిషిని మా తణుకులో నేనొక్కదాన్నే అయి ఉంటాను. వచ్చిన దగ్గర్నుంచి ఇరుగుపొరుగు వాళ్ళు ఏం చూశావు రత్నం అని అడుగుతూనే ఉన్నారు. డబ్బాలు చూశానంటే నవ్వుతున్నారు. నిజంగానే డబ్బాలు. రేకు డబ్బాలు, వాటిలో మాంసం, చేపలు. ఆ మహానగరంలో నేను కాళ్ళరిగేలా తిరిగింది వాటి కోసమే. ఇంటింటికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

ముందు కారణం చెప్పాలి. మా అక్క సత్యవతి భర్త, అంటే మా బావ సూర్యనారాయణ, మిలటరీలో సుబేదారుగా రిటైరై ఢిల్లీలోనే స్థిరపడ్డాడు. మొన్నటి చలికాలంలో ఊపిరితిత్తులకు నిమ్ము చేసి చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నాడు. రోగం నయమైంది గానీ నాలుక చచ్చిపోయింది. ఏది పెట్టినా మట్టి తిన్నట్టుందని పక్కకి తిరిగి పడుకుంటున్నాడట. మనిషి సగమైపోయాడు. వచ్చే సోమవారం చూపించుకోవడానికి వెళ్ళేలోపు నోటితో తిండి తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఆ మాట చెబుతూ అక్క ఫోనులోనే ఏడ్చేసింది. "నువ్వొకసారి రావే. నీ చేతి వంటయితే తింటారేమో" అంది.

నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. ఇంటి మీద బెంగతో కంచం ముందు ముక్కు చీదుకునే పిల్లల చేత అన్నం తినిపించడమే నా ఉద్యోగం. అలిగినవాళ్ళని, జ్వరపడి లేచినవాళ్ళని, కొందరిని బతిమాలి, కొందరిని కసిరి దారికి తెచ్చాను. అంతమందిని చూసినదాన్ని, ఒక్క సుబేదారు నాకో లెక్కా అనుకుంటూ రైలెక్కాను.

రైల్లో ఎండురొయ్యలు

నా సామానులో బట్టలు తక్కువ, తిండి ఎక్కువ. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, నరసాపురం నుంచి తెప్పించిన ఎండురొయ్యలు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఆ రొయ్యల్ని ఏసీ పెట్టెలోకి ఎక్కించాను. కవరు మీద కవరు చుట్టినా లాభం లేకపోయింది. నాగపూర్ చేరేసరికి పెట్టె మొత్తం వాటి రాజ్యమే.

ఎదుటి బెర్తులో మథురలో దిగాల్సిన పెద్దావిడ ఒకరున్నారు. ఉల్లిపాయ కూడా తినని మనిషి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సీట్ల కింద వెతకడం మొదలుపెట్టింది. ఎలుక చచ్చిందని ఆవిడ అనుమానం. అటెండరుని పిలిచి దుప్పట్లు ఎత్తించింది, అతనూ వంగి వంగి వెతికాడు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి మనసొప్పక, అది ఎలుక కాదనీ, నా బ్యాగులోని మందనీ, మా బావకి తీసుకెళ్తున్నాననీ వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆవిడ ముఖం వెంటనే మెత్తబడింది. ఏం జబ్బని అడిగింది. తిండి తినడం లేదన్నాను. అయ్యో అని తన డబ్బా తెరిచి పూరీలు, మామిడికాయ ఊరగాయ పెట్టింది. వాళ్ళ ఊరగాయలో సోంపు వేస్తారు, కారం పేరుకే ఉంటుంది. అయినా రైల్లో ఆకలికి అమృతంలా ఉంది. మథురలో దిగేముందు ఆ మందు తప్పకుండా పనిచేస్తుందని నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. అవి రొయ్యలని తెలిస్తే ఆ చెయ్యి ఏం చేసేదో నాకు తెలియదు.

మయూర్ విహార్

అక్క వాళ్ళది మూడో అంతస్తులో ఫ్లాటు, లిఫ్టు లేదు. మెట్లెక్కి ఆయాసపడుతూ గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద బావ కనిపించాడు. ఆరడుగుల మనిషి దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియడం లేదు. నా గుండె జారిపోయింది. ఆయన మాత్రం కళ్ళు తెరిచి, "వచ్చేవా రత్నం. హాస్టలు పిల్లలైపోయేరు, ఇంక నా మీద పడ్డావన్నమాట" అన్నాడు. వెటకారం తగ్గలేదంటే ప్రాణం గట్టిదేనని ధైర్యం తెచ్చుకున్నాను.

ఇంట్లో వాళ్ళ అమ్మాయి మేఘన కూడా ఉంది. సాకేత్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. నా తెలుగు ముక్క పొల్లుపోకుండా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. పిన్నీ అన్న పిలుపొక్కటే తెలుగు.

మర్నాడు పొద్దున్నే కూరగాయల బండి దగ్గరికి దిగాను. మన దగ్గర కూరగాయలు కొంటే కొసరుగా కరివేపాకు రెబ్బ వేస్తారు కదా. అక్కడ కొత్తిమీర, పచ్చిమిరపకాయలు అడక్కుండానే వేస్తారు, కరివేపాకుకి మాత్రం డబ్బులడుగుతారు. నేను గుప్పెడు ఆకుకి డబ్బులేమిటని దెబ్బలాడాను. భయ్యా నవ్వి ఇంకో రెబ్బ వేశాడే తప్ప ధర తగ్గించలేదు.

ఆ రోజు ఎండురొయ్యలు వేసి గోంగూర వండాను. మర్నాడు మునక్కాడలు వేసి వేట మాంసం పులుసు పెట్టాను, కందికట్టు కాచాను. బావకి ఇష్టమైనవన్నీ నాకు తెలుసు. ఆయన నా మనసు నొప్పించకూడదని రెండు ముద్దలు నోట్లో పెట్టుకునేవాడు, మూడోది కంచంలో అటూ ఇటూ జరిపేవాడు. నా హాస్టలు విద్యలన్నీ ప్రయోగించాను. బతిమాలాను, కసిరాను, అమ్మాయి పెళ్ళి చూడవా అని బెదిరించాను. చివరికి విసుగొచ్చి, "అసలు నీ నాలుక ఏం తింటానంటోందో అది చెప్పు బావా" అన్నాను.

"డబ్బా మటన్" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ అక్క ముఖం చిట్లించింది. ఆ ఇంట్లోకి డబ్బా మాంసం ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఎప్పుడు చచ్చిన మేకో, రేకు పెట్టెలో పెట్టి అమ్మితే కొని తినే ఖర్మ మనకేమిటని దాని వాదన. నిజం చెప్పాలంటే నాదీ అదే వాదన. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకి మాంసమంటే పొద్దున కోసినది మధ్యాహ్నానికి కంచంలో ఉండాలి.

బావ మెల్లగా చెప్పుకొచ్చాడు. వయసులో ఉండగా లడఖ్ పైన ఒక సరిహద్దు పోస్టులో ఉండేవాడట. మంచు పడితే నెలల తరబడి దారి మూసుకుపోయేది. కూరగాయల మొహం చూసేవాళ్ళు కాదు. ఉన్నవల్లా బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, రేకు డబ్బాల్లో మాంసం. సాయంత్రం వంట డేరాలో ఆ డబ్బా తెరిచి పొయ్యి మీద పెడితే వాసన బయటికి వచ్చేదట. "ఆ వాసనొస్తే ఇవాళ్టికి బతికేం అనిపించేది రత్నం" అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అన్నిమాటలు వరసగా మాట్లాడింది అదే మొదటిసారని అక్క తర్వాత వంటింట్లో చెప్పింది.

ఐఎన్ఏ మార్కెట్

మిలటరీ క్యాంటీన్లో కనుక్కుంటే ఆ సరుకు పోస్టుల్లో ఉన్నవాళ్ళకే గానీ బయట అమ్మరన్నారు. మేఘన ఆఫీసుకి సెలవు పెట్టి నన్ను ఐఎన్ఏ మార్కెట్‌కి తీసుకెళ్ళింది. చేపలు, మాంసం, విదేశీ కూరగాయలు, చీజు ముద్దలు అన్నీ ఒకే కప్పు కింద. ఎంబసీల వంటవాళ్ళ దగ్గర్నుంచి కాలేజీ పిల్లల దాకా అందరూ అక్కడికే వస్తారు. ఒక దుకాణంలో డబ్బాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. చేపలవి, కోడిమాంసానివి, పంది మాంసానివి. ఇటుకలా గట్టిగా నొక్కిన మాంసం కూడా ఉంది, దాన్ని చాకుతో ముక్కలు కోసుకుని వేయించుకుంటారట.

ధర అడిగి నేను కళ్ళు తేలేశాను. చిన్న డబ్బా మూడు వందల యాభై. ఆ డబ్బుకి మా ఊళ్ళో దగ్గర దగ్గర అర కేజీ వేట మాంసం వస్తుందని నేను తెలుగులోనే అనేశాను. దుకాణం ఆయన పంజాబీ, పెద్దమనిషి. నా గొంతుని బట్టే విషయం పసిగట్టి నవ్వాడు. దూరదేశాల్లో ఇది లేనివాళ్ళ తిండి మాతాజీ, ఓడెక్కి ఇక్కడికి వచ్చేసరికి గొప్పవాళ్ళ తిండైపోతుందని మేఘనతో చెప్పించాడు. మటన్ డబ్బా మాత్రం ఆయన దగ్గర లేదు. హుమాయూన్‌పూర్‌లో ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ కొట్లున్నాయి, అక్కడ చూడమని దారి చెప్పాడు.

హుమాయూన్‌పూర్

పెద్ద పెద్ద బంగళాల మధ్య ఇరుక్కుపోయిన పల్లెటూరు అది. వీధి చివర ఇప్పటికీ పాతకాలపు జాట్ పెద్దలు హుక్కా పీలుస్తూ కూర్చున్నారు, వాళ్ళ ఇళ్ళ పైగదుల్లో నాగాలాండ్, మణిపూర్, మిజోరం పిల్లలు అద్దెకుంటున్నారు. మేం వెళ్ళిన కొట్టు గట్టిగా మన పూజగదంత ఉంటుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎండుచేపల వాసన. మథుర పెద్దావిడ ఎలుకనుకుని వెతికిన వాసనే.

కొట్టు నడిపే ఆవిడ పేరు అతోలి. నాగాలాండ్ మనిషి, మేఘన కంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. మటన్ డబ్బా అనగానే ఆశ్చర్యపోయింది. అందరూ పంది మాంసం అడుగుతారు గానీ అది ఎవరూ అడగరట. పొరపాటున విదేశీ సరుకుతో పాటు మూడు వచ్చాయట. గుర్‌గావ్ నుంచి వచ్చే ఒక కొరియా ఆవిడ వింతగా ఉందని రెండు పట్టుకెళ్ళింది, ఒకటి మిగిలింది. నా కోసమే మిగిలినట్టుంది. మేఘన దాన్ని తిప్పి తిప్పి తేదీ చూసింది, ఉబ్బు లేదు కదా అని నొక్కి చూసింది. "ఠీక్ హై పిన్నీ" అంది.

అప్పటికి భోజనం వేళయింది. అతోలి మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. బియ్యం బస్తా మీద నన్ను కూర్చోబెట్టి, కొట్టు వెనక చిన్న స్టవ్ వెలిగించింది. చేపల డబ్బా ఒకటి కోసి గిన్నెలో వంచి, డబ్బాలో నీళ్ళు తిప్పి పోసింది, టమాటాలు, బంగాళాదుంపలు, ఎండబెట్టిన వెదురు చిగుళ్ళు, రెండంటే రెండే మిరపకాయలు వేసింది. ఆ రెండింటికే నాకు కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఆవకాయ ఊరి నుంచి వచ్చిన నన్ను కారంతో ఓడించినవాళ్ళు అంతకుముందు లేరు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా.

తింటూ తన సంగతి చెప్పింది. వానాకాలంలో వాళ్ళ ఊరి రోడ్డు కొట్టుకుపోయేదట. వాళ్ళ నాన్న బడిపంతులు, పట్నం వెళ్ళినప్పుడు ఒక్క చేపల డబ్బా తెచ్చేవాడు. ఇంట్లో ఏడుగురు. వాళ్ళమ్మ బంగాళాదుంపలు, నీళ్ళు దండిగా పోసి దాన్ని అందరికీ సరిపెట్టేది. చేప ఎవరి కంచంలో పడిందో తెలిసేది కాదు గానీ ఇల్లంతా వాసనతో నిండిపోయేదంది. మా అమ్మ గుప్పెడు ఎండురొయ్యలు వేసి కుండెడు వంకాయ కూర వండేది, అదే గుర్తొచ్చింది నాకు. దించకుండా బ్యాగులోనే మిగిలిపోయిన రొయ్యల పొట్లం తీసి ఇచ్చాను. అతోలి విప్పి, కళ్ళు మూసుకుని వాసన చూసి, అచ్చం మా ఊరి వాసనే అంది.

కడిగిన పాపం

ఆ సాయంత్రం డబ్బా తెరిచాను. తెల్లగా గడ్డకట్టిన కొవ్వు, దాని కింద గోధుమరంగు ముద్ద. అక్క ముక్కు మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. నేను ఆలోచించింది కూడా లేదు, చేతులు వాటి అలవాటు అవి చేసుకుపోయాయి. మాంసాన్ని చిల్లుల గిన్నెలో వేసి, పసుపు, కల్లుప్పు పట్టించి మూడు నీళ్ళు కడిగాను. మాంసం మూడు నీళ్ళు కడగని ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకూడదని మా అమ్మ అనేది. కొవ్వు, జిగురు, ఉప్పునీరు అన్నీ సింకులోకి పోయాయి. శుభ్రమైన ముక్కల్ని అల్లం వెల్లుల్లి, గసగసాలు, కొబ్బరి ముద్దలో వండి, చివర్న గరం మసాలా జల్లాను. పైఅంతస్తు పంజాబీ ఆవిడ ఏం వండుతున్నారని అడగడానికి దిగి వచ్చింది. అంత బాగా కుదిరింది.

బావ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మేమంతా ఆయన నోటికేసి చూస్తున్నాం. ఒక్క ముద్ద తిన్నాడు. నమిలాడు. కంచం పక్కన పెట్టేశాడు.

"బావుంది రత్నం. కానీ ఇది నీ కూర. అది కాదు."

నాకు ఒళ్ళు మండింది. ఢిల్లీ అంతా తిరిగి తెస్తే వంకలు పెడుతున్నావా అని చెడామడా అన్నాను. రోగిష్టి మనిషిని అలా అనకూడదని తెలిసీ అన్నాను. ఆయన అంతా విని, "కడిగేవా?" అని అడిగాడు.

కడక్కుండా వండటానికి నేనేమన్నా తల్లి లేకుండా పెరిగానా అన్నాను. అప్పుడు బావ నవ్వాడు. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. "అక్కడ నీళ్ళెక్కడివే పిచ్చిమొహమా. మంచు కరగబెట్టుకుని తాగేవోళ్ళం. గ్లాసుడు నీళ్ళకి స్టవ్ కాడ కాపలా కూచోవాలి. మాంసం ఎవడు కడుగుతాడు? ఆ కొవ్వులోనే కదా ఉంది అంతా" అని, అలసిపోయి గోడవైపు తిరిగాడు.

వంటింట్లోకి వెళ్ళేసరికి సింకు పూడుకుపోయి నీళ్ళు నిలబడి ఉన్నాయి. కొవ్వు గడ్డకట్టి గొట్టానికి అడ్డం పడింది. బావకి కావలసింది సింకుకి పెట్టానన్నమాట. అక్కడే నిలబడి ఏడ్చాను. ముక్కులో గొట్టంతో బావ ఎలా ఉంటాడో కళ్ళముందు కనబడుతుంటే ఏడుపు ఆగలేదు. మేఘన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. వాష్‌బేసిన్ దగ్గరున్న రబ్బరు ప్లంజర్ తెచ్చి ముందు సింకు సంగతి చూసి, తర్వాత అతోలికి ఫోను చేసింది. కొరియా ఆవిడ రెండు డబ్బాలు కొన్న మాట నేను మర్చిపోయాను గానీ ఆ పిల్ల మర్చిపోలేదు.

గుర్‌గావ్

అతోలి మాట సాయంతో ఆదివారం పొద్దున్న గుర్‌గావ్‌లో ఆ ఇంటికి వెళ్ళాం. ఆకాశంలోకి లేచిన భవనాలు, గేటు దగ్గర ముగ్గురు కాపలావాళ్ళు, మేం ఎవరి తాలూకో చెప్పేదాకా కదలనివ్వలేదు. డబ్బా మాంసం అడుక్కోవడానికి వచ్చామని చెప్పడానికి సిగ్గేసి, చుట్టాలమని చెప్పింది మేఘన. పదిహేడో అంతస్తులో తలుపు తీసినావిడ పేరు మిన్‌జీ. ఆవిడ భర్త ఇక్కడ ఏదో కంపెనీలో పనిచేస్తాడు. ఆవిడకి ఇంగ్లీషు కొంచెం వచ్చు, నాకు కొంచెం వచ్చు, మధ్యలో మేఘన.

రెండు డబ్బాల్లో ఒకటి అప్పటికే తినేశారట. రెండోది బీరువాలో ఉంది. నా ప్రాణం కుదుటపడింది. బావ సంగతంతా అతోలి ముందే చెప్పిందట. డబ్బా చేతిలో పెట్టి, ఇంటికి వచ్చినవాళ్ళు తినకుండా వెళ్ళకూడదని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఈ ఒక్క విషయంలో తణుకుకీ కొరియాకీ తేడా లేదు.

బల్ల మధ్యలోనే స్టవ్ పెట్టి పెద్ద వెడల్పాటి గిన్నెలో పులుసులాంటిది వండింది. ఊరబెట్టిన క్యాబేజీ, నూడుల్స్, ఇటుకలా ఉండే ఆ డబ్బా మాంసం ముక్కలు. దాన్ని సైన్యం పులుసు అంటారట. వాళ్ళ దేశంలో యుద్ధం జరిగాక తిండి లేక, పరదేశపు సైనికుల శిబిరాల నుంచి బయటికొచ్చిన డబ్బాలతో వండుకున్న కూర అది. ఇప్పుడు వాన పడితే పిల్లలు అదే కావాలని మారాం చేస్తారంది. వాళ్ళ నాయనమ్మ మాత్రం చచ్చేదాకా దాన్ని ముట్టలేదట, ఆకలి రోజులు గుర్తొస్తాయని. వాళ్ళ నాన్నకేమో అది లేకపోతే ఆదివారం ఆదివారంలా ఉండదట. ఒకే గిన్నె ఒకరికి ఏడుపు, ఇంకొకరికి ఓదార్పు. మా అక్కా బావా నాకు గుర్తొచ్చారు.

అప్పుడు ఒక పని చేసింది మిన్‌జీ. ఖాళీ డబ్బాలో కాసిని నీళ్ళు పోసి, గిరగిరా తిప్పి, అంచులకి అంటుకున్న జిగురుతో సహా ఆ నీళ్ళని పులుసులో పోసింది. నాకు చప్పున వెలిగింది. అతోలి కూడా అచ్చం ఇలాగే తిప్పి పోసింది. నేను ఎదురుగా కూర్చునీ, అరచేయి వెడల్పు దూరంలో చూస్తూ కూడా పట్టించుకోలేదు. మనం మాత్రం చేయమా? ఆవకాయ కలిపి జాడీకెత్తాక ఆ బేసిన్ కడిగేస్తామా? వేడన్నం వేసి, అంచులన్నీ తుడిచి కలిపి, ఇంటిల్లిపాదికీ తలా ఒక ముద్ద చేతిలో పెట్టమూ? ఏడాదంతా తినే ఆవకాయకి ఆ ముద్దకున్న రుచి రాదు. ఇదంతా నేను చేతులు తిప్పుతూ చెబుతుంటే మేఘన ఇంగ్లీషులో పెట్టింది. మిన్‌జీ పెద్దగా నవ్వి తల ఊపింది.

డబ్బాకి డబ్బులిస్తే పుచ్చుకోలేదు. గోంగూర పచ్చడి సీసా ఇచ్చాను. చెంచా కొసతో నాకి చూసి, కళ్ళు తుడుచుకుని, మూత గట్టిగా బిగించి, ఫ్రిజ్జులో తన క్యాబేజీ ఊరగాయ పక్కనే చోటు చేసింది.

డ్యూటీ నుంచి వచ్చినవాళ్ళకి

ఆ సాయంత్రం బావని కుర్చీలో కూర్చోబెట్టి వంటింటి గుమ్మం దాకా జరిపాం. ఆర్డర్లు ఆయనవి, చేతులు నావి. ఉల్లిపాయలు మోటుగా కోయమన్నాడు, కోశాను. కారం, ఉప్పు తప్ప మసాలాల డబ్బా జోలికి పోవద్దన్నాడు, పోలేదు. అన్నం కాస్త పలుకుగా ఉండాలన్నాడు. డబ్బా తెరిచాక నా చెయ్యి కొళాయి వైపు దానంతటదే వెళ్ళబోయింది. మేఘన పట్టుకుని ఆపింది. తెల్లటి కొవ్వుతో సహా మొత్తం మూకుట్లోకి వంచాను. కొవ్వు కరిగి, ఉల్లిపాయలు అందులో మగ్గి, ఒక వాసన లేచింది. నేనైతే దాన్ని మంచి వాసన అనను. కానీ బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

అక్క ఫ్రిజ్జుకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ముఖం ముడుచుకుని చూస్తోంది.

కంచంలో పెట్టి ఇచ్చాను. తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడోది అటూ ఇటూ జరపలేదు. ఎక్కడ ఆపేస్తాడోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చాం. ఆకలి రుచెరుగదంటారు. మా బావకి రుచి తెలిశాక ఆకలి వచ్చింది. కంచం ఖాళీ చేసి తల ఎత్తాడు.

"డబ్బా ఏది?"

నేను నీళ్ళు తిప్పి పోయడం మర్చిపోయాను. డబ్బా సింకు పక్కన అలాగే ఉంది. తెచ్చి ఇస్తే అందులో వేడన్నం వేయమన్నాడు. వేళ్ళు తెగుతాయని నేను భయపడితే, చెంచా కాడతో అంచులన్నీ గీరుతూ కలిపాడు. "పోస్టులో డబ్బా ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. పహరా డ్యూటీ చేసొచ్చినోడికే డబ్బా. అది రూలు" అన్నాడు.

కలిపిన అన్నం కంచంలోకి తీసుకుని ముద్ద చేశాడు. నోటిదాకా తీసుకెళ్తాడనుకున్నాం. చెయ్యి అక్క వైపు చాచాడు.

"ఇన్ని రోజులూ కాపలా నువ్వు కాసేవు సత్యా. డబ్బా నీది."

అక్క నా వైపు చూసింది, కూతురి వైపు చూసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ రేకు డబ్బాని గుమ్మం దాటనివ్వని మనిషి, వచ్చి ఆయన ముందు వంగి నోరు తెరిచింది. నమిలింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "ఉప్పెక్కువైంది" అంది. మిగిలిందంతా కూడా అదే తినేసింది.

సోమవారం డాక్టరు ఆయన్ని చూసి, నోటితో తింటున్నారు కాబట్టి గొట్టం మాట ఇప్పటికి పక్కన పెడదామని, రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మనీ చెప్పాడు. ఏం పెట్టారని అడిగితే అక్క నా వైపు చూసింది. నేను మాంసం కూర అని ఊరుకున్నాను. మర్నాటి నుంచి బావ పప్పన్నం తిన్నాడు, ఇంకో రెండ్రోజులకి నా గోంగూర అడిగాడు. ఉన్న సీసా కొరియా ఫ్రిజ్జులో ఉందని చెబితే చాలాసేపు సాధించాడు. అంత సాధించగలిగాడు కదా అని నాకు సంతోషం వేసింది.

నేను తణుకు వచ్చిన వారానికి అక్క ఫోను చేసింది. బావ మెట్లు దిగి పార్కు దాకా నడుస్తున్నాడని చెప్పింది. అతోలి కొట్టుకి కొత్త సరుకులో మటన్ డబ్బాలు వచ్చాయట, మేఘన ఆఫీసులో ఉంది, అక్క తనొక్కతే వెళ్ళి తెస్తుందట, హుమాయూన్‌పూర్‌లో ఏ సందులోకి తిరగాలో చెప్పమంది. హుక్కా పెద్దలు కూర్చునే చోటు దాటాక ఎండుచేపల వాసన పట్టుకుని వెళ్ళిపొమ్మని చెప్పాను. పనిలో పనిగా, తెచ్చాక కడగొద్దని కూడా చెప్పాను.

"నాకు చెప్తావేంటే, నాకు తెలీదా" అని ఫోను పెట్టేసింది.